సీసీటీవీల నడిచింది గదా అనేటోళ్లకు

నమస్తే వరంగల్! హన్మకొండ, కాజీపేట, అటు కరీంనగర్ దాంక చూస్తున్నోళ్లందరికీ నమస్తే.

కూల్‌డ్రింక్‌ల మత్తుమందు కలిపి ఆడపిల్ల మీద అత్యాచారం చేసిన్రని వార్త వస్తే చాలు, మనోళ్లది ఒకటే పాట. "సీసీటీవీల చూసినం, తన కాళ్ల మీద తనే నడుచుకుంట లాడ్జిలకు పోయింది. ఇష్టం లేకుంటే ఎట్ల పోతది?"

పోతది. నడుస్తది, మాట్లాడుతది, నవ్వుతది గూడ. తెల్లారి ఒక్కటీ యాదికుండదు!

నమ్మరా? కల్తీ కల్లు సంగతి మీకు తెల్వందా? చెట్టు మీది కల్లును నేనేమంటలేను. అల్ప్రాజోలం, డైజీపాం అనే నిద్రగోలీలు కలిపిన కల్లు సంగతి చెప్తున్న. అది తాగినాయన ఇంటికి నడిచే వస్తడు, పెండ్లాంతోని లొల్లి పెట్టుకుంటడు, బువ్వ తిని పంటడు. పొద్దుగాల అడిగితే "నేనెప్పుడన్న?" అంటడు. అప్పుడు మనమేమంటం? "పాపం, మందుకల్లు, సోయి లేదాయనకు" అని నమ్ముతం. మరి అదే గోలి ఆడపిల్ల గ్లాసుల పడితే సోయి ఉన్నట్టెట్లయితది? చెప్పున్రి!

ఈ గోలీలు మెదడుల కొత్త యాది పడకుంట చేస్తయి. కాళ్లను వెంటనే పడగొట్టవు. సారా, బీరుతోని కలిస్తే ఊపిరి గూడ మందగిస్తది, పానం మీదికొస్తది. జ్యూస్‌ల చెప్పకుంట వోడ్కా పోసుడు గూడ ఇదే నేరం, "మజాక్ చేసినం" అంటె నడవదు. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 63 చదువున్రి. మత్తుల ఏం జరుగుతుందో తెల్వని మనిషి సరే అన్నా అది ఒప్పుకున్నట్టు గాదు. నేరం చేసే ఉద్దేశంతోని మత్తుమందు తాగిపిస్తే 123 కింద 10 ఏండ్ల దాంక జైలు.

ఇగ నా అనుమానం నేను చెప్తున్న. అందరు విదేశీ డ్రగ్గులు, గోవా పబ్బులు అంటున్నరు. నా లెక్కల మన దిక్కు దొంగ ఈ నిద్రగోలియే, కలిపేది గూడ తెలిసినోడే. అల్ప్రాజోలం షెడ్యూల్ హెచ్1 మందు, అంటే డాక్టర్ చీటీ లేకుంట అమ్మరాని మందు. అమ్మితే మెడికల్ షాపోళ్లు డాక్టర్ పేరు, పేషెంట్ పేరు రిజిస్టర్‌ల రాసి 3 ఏండ్లు దాచాలె. పోలీసోళ్లూ, అమ్మాయి ఫోన్ గుంజుకొని చాటింగ్ చదువుడు కాదు, ముందుగాల ఆ రిజిస్టర్లు తీయున్రి!

హాస్టల్ పిల్లలూ, ఇది మీకు. రూమ్మేట్ ఒక్క గ్లాసుకే తూలుకుంట వస్తే "కిక్కెక్కింది" అని మజ్జిగ తాపి పండవెట్టకున్రి. పక్కకు తిప్పి పండవెట్టున్రి, ఒక్కదాన్ని ఇడిచిపెట్టకున్రి, 108కి కొట్టున్రి. స్నానం చేపియ్యద్దు, బట్టలు ఉతకద్దు, సాక్ష్యం పోతది. దవాఖానకు పోయేలోపు మూత్రం ఆగకుంటే శుభ్రమైన సీసాల పట్టి పెట్టున్రి. జీహెచ్‌బీ అనే మత్తుమందు లాంటిది మూత్రంల 12 గంటలైనంక దొరుకుడు కష్టం, అల్ప్రాజోలం ఇంకిన్ని రోజులు దొరుకుతది. ఎఫ్ఐఆర్ తెస్తేనే చూస్తం అనేటందుకు ఏ దవాఖానకు హక్కు లేదు, ప్రైవేటైనా సరే, ఫ్రీగ చూడాలె. ఠాణా ఏదైనా, నేరం తమ హద్దుల జరగకున్నా జీరో ఎఫ్ఐఆర్ రాయాలె. కాదంటే 112కి, లేకుంటే ఆడోళ్ల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయున్రి. ఆమెకు యాది లేనిదంతా ఆమెనే చెప్పాలని కూసోకున్రి, ఎన్ని గంటలకు వచ్చింది, ఎట్ల మాట్లాడింది, ఎవరు దింపిపోయిన్రు, మీరు చూసింది మీరు రాసిపెట్టున్రి.