స్కానర్ మొండికేస్తే ఎక్కడ ఆగిందో చూడండి

అందరికీ నమస్కారం. లైనక్స్‌లో స్కానర్ కదలకపోతే చాలామంది నేరుగా డ్రైవర్ వేటలో పడతారు. దయచేసి అక్కడ మొదలుపెట్టకండి. సంగతి ఎక్కడిదాకా వచ్చి ఆగిందో ముందు తేల్చుకుందాం.

టెర్మినల్లో ‘ఎల్ఎస్‌యూఎస్‌బీ’ కొట్టండి, తగిలించిన యూఎస్‌బీ పరికరాల జాబితా వస్తుంది. స్కానర్ ఉన్న వరుసలో ఐడీ అన్నచోట కోలన్‌కు అటూ ఇటూ నాలుగేసి అక్షరాలుంటాయి. మొదటి నాలుగూ కంపెనీవి: 04ఏ9 అయితే కెనన్, 04బీ8 అయితే ఎప్సన్. తర్వాతి నాలుగూ మోడల్‌వి. ఆ వరుసే లేకపోతే సాఫ్ట్‌వేర్ జోలికి పోవద్దు. కేబుల్ మార్చండి, హబ్ తీసేసి నేరుగా కంప్యూటర్‌కే పెట్టండి. అడాప్టర్ లేని పలచటి స్కానర్లకు కరెంటు కూడా ఆ కేబుల్లోంచే రావాలి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీఆంపియర్లే.

వరుస కనిపించిందా? ఇప్పుడు ‘సేన్-ఫైండ్-స్కానర్’, ఆ తర్వాత ‘స్కాన్‌ఇమేజ్ -ఎల్’ (ఎల్ పెద్దక్షరం) కొట్టండి. రెండూ లైనక్స్‌లో స్కానర్లను నడిపే ‘సేన్’ సాఫ్ట్‌వేర్‌వే. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లే గంటలు వృథా అవుతాయి. మొదటిది స్కానర్‌లాంటిది తగిలి ఉందని మాత్రమే చెబుతుంది. దాన్ని నడిపే బ్యాకెండ్ (సేన్‌లోని డ్రైవర్) దొరికిందా లేదా అన్నది రెండోదే చెబుతుంది. ఆ జాబితాలో మీ వెబ్‌క్యామ్ కనిపిస్తే కంగారు పడకండి, అది కెమెరాలను చూసుకునే వీ4ఎల్ బ్యాకెండ్ పని.

రెండోది ఖాళీగా వస్తే అదే ఆదేశం ముందు ‘సుడో’ చేర్చి, అంటే అడ్మిన్ అధికారంతో, నడిపి చూడండి. అప్పుడు కనిపించిందంటే డ్రైవర్ బాగానే ఉంది, మీ ఖాతాకే అనుమతి లేదు. అలాగని రోజూ సుడోతో స్కాన్ చేయకండి. ఫైళ్లన్నీ రూట్ (అడ్మిన్ ఖాతా) పేరున పడి, తర్వాత వాటిని మార్చడానికి కూడా ఇబ్బంది పడతారు. తగిలించిన పరికరాలను చూసుకునేది యూడెవ్. దాని ‘/ఈటీసీ/యూడెవ్/రూల్స్.డీ’ ఫోల్డర్‌లో ఒక రూల్ ఫైలు పెట్టి, అందులో ఇందాకటి రెండు ఐడీలూ రాసి, ‘యూయాక్సెస్’ ట్యాగ్ చేర్చండి. ఫైలు పేరు 73 కంటే చిన్న సంఖ్యతో మొదలవ్వాలి, 60 పెట్టండి. ఆ ట్యాగ్‌ను చదివి అనుమతి ఇచ్చే సిస్టమ్ రూల్ 73తో మొదలవుతుంది కాబట్టి, మీది దాని తర్వాత వస్తే ఫలితం ఉండదు. ‘యూడెవ్ఏడీఎం కంట్రోల్ --రీలోడ్’ కొట్టి, స్కానర్ కేబుల్ తీసి మళ్లీ పెట్టండి.

ప్రింటర్, స్కానర్ కలిసిన కొత్త యంత్రాలది వేరే చిక్కు. యూఎస్‌బీ యంత్రాన్ని నెట్‌వర్క్ యంత్రంలా చూపే ‘ఐపీపీ-యూఎస్‌బీ’ అనే సర్వీసు యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్‌ను ముందే పట్టేసుకుంటే, కంపెనీ డ్రైవర్‌కు ‘డివైస్ బిజీ’ అని వస్తుంది. అది యంత్రాన్ని 60000 నుంచి మొదలయ్యే లోకల్ పోర్టులో ఉంచుతుంది కాబట్టి నెట్‌వర్క్ స్కానర్లను నడిపే ‘సేన్-ఎయిర్‌స్కాన్’ బ్యాకెండ్ వేస్తే చాలావాటికి వేరే డ్రైవరే అక్కర్లేదు. నా సలహా ముందు ఇదే. ఇది కుదరనప్పుడే ఆ సర్వీసు ఆపి పాత డ్రైవర్‌కు వెళ్లండి.

మొదటి పేజీ చక్కగా వచ్చి రెండోదానికి బిగుసుకుపోతే స్కాన్ ఆదేశానికి ముందు ‘సేన్_యూఎస్‌బీ_వర్కెరౌండ్=1’ పెట్టి నడపండి. యూఎస్‌బీ 3 పోర్టుల్లో పాత స్కానర్లకు ఇది తరచూ పనిచేస్తుంది. స్నాప్‌స్కాన్, జీటీ68ఎక్స్ఎక్స్ బ్యాకెండ్లతో నడిచే చాలా మోడళ్లకు ఫర్మ్‌వేర్ ఫైలు (స్కానర్ లోపల నడిచే ప్రోగ్రాం) కూడా కావాలి. అది విండోస్ డ్రైవర్ సీడీలో దొరుకుతుంది. ఇక గీరుతున్న చప్పుడు తప్ప ఏమీ రాకపోతే వెంటనే ఆపేసి, స్కానర్ అడుగున రవాణా లాక్ మీట ఉందేమో చూడండి. లాక్ వేసి ఉండగా పదేపదే నడిపితే మోటారుకే నష్టం.