కోరుకిచ్చిన చేను, పింఛను నిధి ఓటు

శ్రోతలకు నమస్కారం.

2004 సెప్టెంబరు 1 తర్వాత ప్రభుత్వ కొలువులో చేరిన అనంతపురం టీచరమ్మ జీతం బిల్లు చూడండి. మూల వేతనం, డీఏ కలిపి అందులో పదోవంతు సీపీఎస్, అంటే చందా పింఛను పథకం కింద కోత పడుతుంది. ఆ డబ్బులో కొంత పింఛను నిధుల చేతుల మీదుగా కంపెనీల షేర్లలోకి పోతుంది. కాగితాల మీద ఆ షేర్లకు యజమాని జాతీయ పింఛను పథకం ఆస్తులు చూసే ఎన్‌పీఎస్ ట్రస్టు. ఆ కంపెనీల తీర్మానాలపై ఓటు వేయాల్సింది నిధి మేనేజర్లు. డబ్బు మాత్రం టీచరమ్మది.

చేను కోరుకు, అంటే పంటలో వాటాకు ఇచ్చిన ఆసామి కల్లం నాడు ఇంట్లో కూర్చోడు. వేరుశనగ బుడ్డలు కొలిచేచోట నిలబడతాడు. పింఛను నిధి కూడా అట్లే నిలబడాలని 2018లో పింఛను నిధుల నియంత్రణ సంస్థ పీఎఫ్ఆర్‌డీఏ నియమావళి ఇచ్చింది. కంపెనీ తీరు నచ్చకపోతే షేర్లు అమ్ముకుని బయటపడొచ్చు కదా అంటారు. కానీ పెద్ద నిధి ఒక్కసారిగా అమ్మకానికి దిగితే ధర పడిపోతుంది, నష్టం మళ్లీ చందాదారుకే.

వాటాదారులు గట్టిగా నిలబడితే ఏమవుతుందో చూడండి. 2008 డిసెంబరు 16న హైదరాబాదులోని సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం బోర్డు, ప్రమోటర్ల, అంటే కంపెనీని పెట్టి నడిపేవాళ్ల కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను సుమారు 160 కోట్ల డాలర్లకు కొంటామంది. వాటాదారుల ఓటు అడగలేదు. మదుపరులు తిరగబడేసరికి గంటల్లోనే వెనక్కి తగ్గింది. మూడు వారాలకు అసలు గుట్టు బయటపడింది: పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవు. ఇప్పుడు స్టాక్ మార్కెట్లో లిస్టయిన కంపెనీ ఇలా తన సంబంధీకులతో చేసే పెద్ద లావాదేవీకి వాటాదారుల ఆమోదం కావాలి. ఆ ఆమోదానికి సంబంధీకులు ఓటు వేయకూడదు.

ఇక లెక్క చూడండి. ప్రత్యేక తీర్మానం నెగ్గాలంటే అనుకూల ఓట్లు వ్యతిరేక ఓట్లకు కనీసం మూడు రెట్లుండాలి. ప్రమోటరుకు నూటికి 60 వాటాలున్నాయనుకుందాం. మిగతా 40లో 15 మాత్రమే వ్యతిరేకిస్తూ, తక్కినవి ఓటే వేయకపోతే తీర్మానం నెగ్గినట్టే. తక్కినవి అట్లే ఓటు వేయకున్నా, 21 వ్యతిరేకిస్తే చాలు, వీగిపోతుంది. మనది చిన్న వాటా, ఓటేసి ఏం లాభం అని పక్కన కూర్చునే నిధి నిజానికి ప్రమోటరు పక్షాన కూర్చున్నట్టే.

సాధారణ సమావేశం నోటీసు 21 రోజుల ముందు వస్తుంది. ఈ-ఓటింగు సమావేశానికి ముందురోజు సాయంత్రం 5 గంటలకు ముగుస్తుంది. ఈలోగా నిధి సిబ్బంది నోటీసు వెనకుండే వివరణ పత్రం చదవాలి: స్వతంత్ర డైరెక్టరు బోర్డు సమావేశాలకు ఎన్నిటికి వచ్చాడు, లాభం తగ్గిన ఏడాదిలో కంపెనీ నడిపేవాళ్ల జీతం ఎందుకు పెంచమంటున్నారు, ఆడిటరు అభ్యంతరం రాశాడా. అనుమానముంటే ముందు కంపెనీకి రాయాలి, ఆడిట్ కమిటీ అధ్యక్షుణ్ని కలవాలి. జవాబు సరిగా లేకుంటేనే వ్యతిరేక ఓటు. తప్పు ఎక్కువగా జరిగేది ఇక్కడే. ఆగస్టు, సెప్టెంబరుల్లో వందల నోటీసులు ఒక్కసారిగా మీద పడతాయి. చదివే తీరిక లేక అన్నిటికీ 'అనుకూలం' కొట్టేస్తారు.

మీ నిధి ఎట్లా ఓటేసిందో దాని వెబ్‌సైటులో ఓటింగు వివరాల కింద చూడొచ్చు. కారణం రాసే గడిని ముందు చూడండి. వరుసగా ఒకే వాక్యం కనిపిస్తే, ఎందుకని నిధికి ఉత్తరం రాయండి.