యాత్రికుల్ని లెక్కలోకి తెచ్చే రవాణా చదువు

అందరికీ నమస్కారం. పట్టణ రవాణాలో పీజీ చేద్దామనుకునే సివిల్, ప్లానింగ్ విద్యార్థుల కోసం, మన తిరుపతినే ఉదాహరణగా తీసుకుని ఈ ప్రసంగం. అడ్మిషన్ సంగతి ముందే ముగిద్దాం. వరంగల్ ఎన్ఐటీలో ట్రాన్స్‌పోర్టేషన్ ఇంజినీరింగ్ ఎం.టెక్. ఉంది, ఢిల్లీ ఎస్పీఏలో (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) ట్రాన్స్‌పోర్ట్ ప్లానింగ్ ఎం.ప్లాన్ ఉంది. రెండూ రెండేళ్ల కోర్సులే. గేట్‌లో సివిల్ పేపరో, ఆర్కిటెక్చర్ అండ్ ప్లానింగ్ పేపరో రాయండి. స్కోరు 3 ఏళ్లు చెల్లుతుంది.

ఇక అసలు విషయానికి వద్దాం. అక్కడ నేర్పే నాలుగు దశల మోడల్లో ఊరిని జోన్లుగా విడగొడతారు. ఏ జోన్లో ఎన్ని ట్రిప్పులు పుడతాయి, ఎటు పోతాయి, ఏ వాహనం మీద, ఏ రోడ్డున పోతాయి అని వరసగా లెక్క కడతారు. దీనికి ప్రధాన ఆధారం ఇంటింటి సర్వే. తిరుపతిలో చిక్కంతా అక్కడే. 2011 జనాభా లెక్కల్లో నగరంలో ఉన్నది సుమారు 2.87 లక్షల మంది. శ్రీవారి దర్శనానికి మామూలు రోజుల్లోనే 60, 70 వేల మంది వస్తారు. పొద్దున రైలు దిగి, కొండకెళ్లొచ్చి, తిరుచానూరు, కపిలతీర్థం చూసుకుని కాళహస్తి బస్సెక్కే కుటుంబం ఏ ఇంటి సర్వేలోనూ దొరకదు. వాళ్ల ఐదారు ట్రిప్పులూ మోడల్లో సున్నా.

అందుకే రైల్వేస్టేషన్లో, బస్టాండులో, అలిపిరి దగ్గర వేరుగా సర్వే చేయాలి. సామాను మోసుకుంటూ ఉన్నవాళ్లు రెండు నిమిషాలకు మించి నిలబడరు. కాబట్టి ఆరు ప్రశ్నలు చాలు: ఎంతమంది వచ్చారు, ఎన్ని బ్యాగులు, ఎక్కడి నుంచి, తర్వాత ఎక్కడికి, దేనిమీద, మొత్తం ఎంత ఇచ్చారు. ఆ చివరి ప్రశ్నలో ‘మొత్తం’ అన్న మాట వదలొద్దు. వాహనం ఎంపిక లెక్కకు మామూలుగా తలకు పడే చార్జీ తీసుకుంటారు. ఐదుగురి కుటుంబం మాత్రం ఐదు బస్సు టికెట్ల ధరను ఒక్క ఆటో కిరాయితో పోల్చుకుంటుంది. ఇది పట్టించుకోకపోతే మోడల్ బస్సుకు లేని జనాన్ని చూపిస్తుంది. ఆ అంకెను నమ్మి వేసిన సర్వీసులు ఖాళీగా తిరుగుతాయి.

రోడ్డు మీద లెక్కింపు మాటకొస్తే, వాహనాలను రకాలవారీగా 15 నిమిషాలకోసారి రాసుకోవాలి. చాలామంది తప్పేది దాని తర్వాత, పీసీయూలోకి, అంటే ఒక్కో వాహనం ఎన్ని కార్లకు సమానమో చెప్పే కొలతలోకి మార్చేటప్పుడు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలు ఐఆర్‌సీ 106 ప్రకారం ట్రాఫిక్‌లో బైకుల వాటా 5 శాతముంటే ఒక్కో బైకు 0.5, వాటా 10 శాతం దాటితే 0.75. ఆటోకు అదే 1.2 నుంచి 2కు పెరుగుతుంది. ఒక పావుగంటలో 200 బైకులు, 40 ఆటోలు, 30 కార్లు, 10 బస్సులు వెళ్లాయనుకుందాం. సరైన విలువలతో, కారుకు 1, బస్సుకు 2.2 వేసుకుంటే, 282 పీసీయూ వస్తుంది. బైకులకు, ఆటోలకు చిన్న విలువలు వేసేస్తే 200 వస్తుంది. కిక్కిరిసిన రోడ్డు కాగితం మీద ఖాళీగా కనబడుతుంది.

అదే పట్టికలో ఇంకో వరస రాయండి, మనుషుల వరస. బస్సుకు 40 మంది, బైకుకు ఒకటిన్నర, ఆటోకు ముగ్గురు, కారుకు రెండున్నర అనుకుంటే మొత్తం 895 మంది. అందులో 400 మంది బస్సుల్లోనే ఉన్నారు. ఆ బస్సులు తీసుకున్నది 282లో 22 పీసీయూ మాత్రమే. 2006 జాతీయ పట్టణ రవాణా విధానం రోడ్డును వాహనాలకు కాదు, మనుషులకు పంచమంటుంది. ఆ మాటకు బలం ఈ వరసే. ఇది లేకుండా ఏ నివేదికా ఇవ్వొద్దని నా గట్టి అభిప్రాయం.

డిజర్టేషన్‌కు మన దగ్గరున్న గొప్ప అంశం ఘాట్ రోడ్డు. 2022 నుంచి కొండకు ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు నడుస్తున్నాయి. జనంతో కలిపి 15 టన్నుల బస్సు సుమారు 700 మీటర్ల ఎత్తు ఎక్కాలంటే, ఆ ఎత్తుకే దాదాపు 29 యూనిట్ల కరెంటు కావాలి. టైర్ల రాపిడి, మోటారు నష్టం, ఏసీ దీనికి అదనం. దిగేటప్పుడు మోటారే జనరేటరై కొంత తిరిగిస్తుంది. కానీ బ్యాటరీ నిండా ఉంటే ఆ కరెంటుకు చోటుండదు, భారమంతా మామూలు బ్రేకుల మీద పడుతుంది. కాబట్టి దిగువకు బయల్దేరే ముందు ఎంత చార్జింగ్ ఉండాలన్నది చక్కటి పరిశోధన ప్రశ్న. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు విడివిడిగా మీటరు అంకెలు తీయండి. రెండూ కలిపి సగటు తీస్తే అసలు సంగతి మరుగున పడుతుంది.

లెక్కింపుకు ఒక మంగళవారం, ఒక శనివారం ఎంచుకోండి. బ్రహ్మోత్సవాల వారాన్ని ప్రమాణంగా తీసుకోవద్దు, అది వేరే అధ్యాయం. ట్రాఫిక్ పోలీసులకు, ఆర్టీసీకి, టీటీడీకి గైడ్ సంతకంతో అనుమతి లేఖలు మూడో సెమిస్టర్ మొదట్లోనే పెట్టేయండి. అవి ఆలస్యమైతే నాలుగో సెమిస్టర్లో డేటా సేకరణకే టైమంతా పోయి, విశ్లేషణకు మిగలదు.