అలంకారాన్ని వేలు పెట్టి చూపించగలరా? పదో తరగతి తెలుగు పునశ్చరణ

[తెరపై: ఉదయపు వెలుగులో హనుమకొండ భద్రకాళి చెరువు]

వ్యాఖ్యాత: విద్యార్థులకు నమస్కారం. పరీక్షల ముందు జరిగే పునశ్చరణ తరగతుల్లో ఒక సంగతి తరచుగా కనిపిస్తుంది. ఉపమాలంకారం అంటే ఏమిటని అడగగానే, ఉపమేయానికి ఉపమానంతో మనోహరమైన పోలిక చెప్పడమని విద్యార్థి గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతాడు. అదే విద్యార్థికి ఒక పేరా ఇచ్చి, అందులో ఉపమ ఎక్కడున్నదో గీత గీయమంటే మాత్రం పెన్ను ఆగిపోతుంది. లక్షణం నోటికి రావడం సగం పనే కాబట్టి, ఈ వీడియోలో మిగిలిన సగం చేద్దాం.

[తెరపై: "భద్రకాళి చెరువు అద్దంలా మెరుస్తున్నది."]

ఇక్కడ చెరువు ఉపమేయం, అద్దం ఉపమానం, మెరవడం సమానధర్మం, "లా" ఉపమావాచకం. నాలుగూ కనిపిస్తున్నాయి కనుక ఇది ఉపమ. ఇదే చెరువును చూసి, "ఆకాశమే నేలకు దిగి పడుకున్నదా అన్నట్లున్నది" అంటే, ఒక వస్తువును మరొక వస్తువుగా ఊహిస్తున్నాం కాబట్టి ఉత్ప్రేక్ష అవుతుంది. "చెరువనే అద్దంలో హనుమకొండ తన ముఖం చూసుకుంటున్నది" అంటే చెరువుకూ అద్దానికీ భేదమే లేనట్లు చెబుతున్నాం కాబట్టి రూపకం. చెరువు ఒక్కటే అయినా, చూసిన తీరును బట్టి అలంకారం మారింది.

అయితే చాలామంది మార్కులు పోగొట్టుకునేది మరొక చోట.

[తెరపై: "అన్న చెప్పినట్లే బస్సు కాజీపేటలో ఆగింది." "వేయిస్తంభాల గుడిలాగే రామప్ప గుడి కూడా కాకతీయుల కాలం నాటిది."]

"లాగే", "అట్లే" కనిపించగానే ఉపమ అని రాసేయకండి. మొదటి వాక్యంలో అసలు రెండు వస్తువుల మధ్య పోలికే లేదు. రెండవ దానిలో పోలిక ఉన్నది కానీ, అది రెండు గుళ్ల గురించి ఇచ్చిన సమాచారం మాత్రమే. అందులో చమత్కారం లేదు. ఉపమావాచకం అలంకారం ఉండవచ్చునన్న జాడ చూపుతుంది, అంతకుమించి అది రుజువు కాదు.

ఇటువంటి గందరగోళమే ప్రాస విషయంలోనూ ఉన్నది. పాదాల చివర ఒకే ధ్వని వినిపిస్తే "ప్రాస బాగా కుదిరింది" అని ఇంట్లోనూ బయటా అంటూ ఉంటాం. ఛందస్సులో ప్రాస అంటే పాదంలోని రెండవ అక్షరం. ఈ ఉదాహరణ కోసం అల్లిన రెండు పాదాలను చూడండి.

[తెరపై:
పాకాల చెరువులో పడవలు సాగె
లోకాల మరచి మా లోగుండె యూగె]

రెండవ అక్షరాలు రెండింటిలోనూ "కా" ఉన్నది, అది ప్రాస. పాదాల చివర "గె" ఉన్నది, అది అంత్యానుప్రాస. ఒకటి పాదం మొదట, మరొకటి చివర ఉన్నప్పుడు వాటిని కలగాపులగం చేయవలసిన అవసరం లేదు. పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం వచ్చే ఈ ఛందస్సు ద్విపద. దీనిలో ఏకంగా బసవపురాణమే రాసిన పాల్కురికి సోమనాథుడు మన పాలకుర్తి వాడే. శతకంలో ప్రతి పద్యం చివర వచ్చే మకుటం సంగతి మీకు తెలిసిందే కాబట్టి అక్కడ ఆగడం లేదు.

ఇక అపరిచిత గద్యానికి వద్దాం.

[తెరపై: "పాలంపేటలోని రామప్ప గుడిని రేచర్ల రుద్రుడు కట్టించాడని 1213 నాటి శాసనం చెబుతున్నది. శిఖరానికి వాడిన ఇటుకలు నీటిపై తేలేంత తేలికైనవి. కట్టించిన వాని పేరు శాసనంలో ఉండిపోయింది; గుడి మాత్రం శిల్పి పేరుతోనే జనం నోట నిలిచింది."]

గుడిని ఎవరు కట్టించారన్న ప్రశ్నకు జవాబు మొదటి వాక్యంలోనే ఉన్నది. అటువంటి ప్రశ్నకు సొంత మాటలు అవసరం లేదు. తేలికైన ఇటుకలను శిఖరానికే ఎందుకు వాడి ఉంటారని అడిగితే, పేరాలో కారణం రాసి లేదు. కానీ "శిఖరం", "తేలిక" అన్న రెండు మాటలను పక్కపక్కన పెట్టుకుంటే, కింది కట్టడం మీద బరువు తగ్గించడానికని మనమే చెప్పవచ్చు. ఇది ఊహే అయినా, పేరాలోని మాటలు దానికి ఆధారం.

రచయిత ఎవరి పక్షాన మాట్లాడుతున్నాడన్నది మూడవ ప్రశ్న. నన్నడిగితే ఈ పేరాలో అన్నిటికన్నా మంచి ప్రశ్న ఇదే. చివరి వాక్యంలోని "మాత్రం", "తోనే" అన్న చిన్న మాటలను తీసేసి మళ్లీ చదవండి. సమాచారం అంతా అలాగే ఉంటుంది కానీ, శిల్పి పట్ల రచయితకున్న మొగ్గు మాయమవుతుంది. వచనంలోని కంఠస్వరం ఇటువంటి అవ్యయాల్లో, ప్రత్యయాల్లో దాగి ఉంటుంది. అదే వాక్యంలో "నిలిచింది" అంటే కాళ్ల మీద నిలబడిందని కాదు, మరుగున పడకుండా మిగిలిందని అర్థం. పక్కనున్న "జనం నోట" అన్న మాట ఆ అర్థాన్ని పట్టిస్తుంది. నిఘంటువులోని మొదటి అర్థాన్ని తెచ్చి ఇక్కడ అతికిస్తే వాక్యం చెడుతుంది.

ఇప్పుడు మీకొక ప్రశ్న. "రామప్ప గుడికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. పై పేరా ప్రకారం ఈ వాక్యం సరైనదా, కాదా, చెప్పలేమా?" ఆ గుర్తింపు నిజంగానే 2021లో వచ్చింది. మీలో కొందరు ఆ గుడిని కళ్లారా చూసి కూడా ఉంటారు. వీడియోను ఇక్కడ ఆపి, పేరాను మరొకసారి చదివి, మీ జవాబుకు ఆధారమైన మాట కింద గీత గీయండి.

[తెరపై: పది సెకన్ల విరామం]

గీత గీయడానికి మాట దొరకలేదు కదా. జవాబు: చెప్పలేము.