ద్యూతాధ్యక్షుడి రెండు చేతులు

అందరికీ నమస్కారం.

జూదం మాట ఎత్తగానే మనవాళ్ళకు శకుని గుర్తొస్తాడు. నేను ఇవాళ ఆ సభలో లేని మనిషి గురించి మాట్లాడదామని వచ్చాను. ఆ పాచికలు ఎవరిచ్చారు, సరైనవేనా అని చూసే మనిషి. అలాంటి ఉద్యోగం ఒకటి కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఉంది. పేరు ద్యూతాధ్యక్షుడు.

మూడో అధికరణం చివరి అధ్యాయంలో ఆయన పనులేమిటో చెప్పారు. జూదం ఒకే చోట జరిపించాలి. ఇంకోచోట ఆడితే 12 పణాల జరిమానా. ఒకే చోట ఎందుకంటే, బతుకుతెరువు ఏమిటో చెప్పకుండా గుట్టుగా తిరిగేవాళ్ళు అక్కడైతే కంటపడతారని. పాచికలు, గవ్వలు ఆయనే ఇవ్వాలి, వాటికి అద్దె తీసుకోవాలి. వాటి స్థానంలో వేరేవి పెడితే మళ్ళీ జరిమానా. గెలిచినదాంట్లో నూటికి 5 వంతులు ఖజానాకు. నీళ్ళకూ స్థలానికీ వేరే వసూలు. జూదం మంచిదా చెడ్డదా అన్న చర్చ ఆయన ఉద్యోగంలో లేదు. మనుషులు ఎలాగూ ఆడతారు, ఆడేదేదో నా కళ్ళముందు ఆడండి అన్నదే లెక్క.

స్థలం, పరికరం, పన్ను, నేరస్థుల మీద నిఘా. జూదాన్ని అదుపు చేసే ఈనాటి గేమింగ్ కమిషన్ ఏదైనా తీసుకోండి, పని ఈ నాలుగింటి చుట్టూనే తిరుగుతుంది. అప్పట్లో లేనిది ఒక్కటే. జూదశాల నడిపేవాడు ఎవడు అన్న ప్రశ్న. అక్కడ నడిపేది రాజ్యమే కాబట్టి ఆ ప్రశ్న పెద్దగా రాలేదు. ప్రైవేటు యజమాని రంగంలోకి దిగాక లైసెన్స్ అనేదానికి అసలు అర్థం వచ్చింది.

అమెరికాలో నెవాడా రాష్ట్రం 1931లో జూదాన్ని చట్టబద్ధం చేసింది. మహామాంద్యం రోజులు. మొదట్లో లైసెన్సులు కౌంటీల చేతిలో ఉండేవి. ఫీజు కడితే పనైపోయేది. ఫీజు కట్టడానికి ముందుకొచ్చిన వాళ్ళలో ఈ వ్యాపారంలో అనుభవం ఎవరికుంది? మిగతా రాష్ట్రాల్లో దొంగచాటుగా నడిపినవాళ్ళకే. అలా ముఠాల డబ్బు వచ్చి పడింది. అది సర్దుకోవడానికి రాష్ట్రానికి చాలా ఏళ్ళు పట్టింది. 1955లో గేమింగ్ కంట్రోల్ బోర్డు, 1959లో గేమింగ్ కమిషన్ పుట్టాయి. ముగ్గురు సభ్యుల బోర్డు విచారణ చేస్తుంది, ఐదుగురు సభ్యుల కమిషన్ నిర్ణయం చెబుతుంది. తవ్వేవాళ్ళు వేరు, తీర్పు చెప్పేవాళ్ళు వేరు.

లా చదివేవాళ్ళు ఇక్కడ ఒక విషయం పట్టుకోవాలి. క్రిమినల్ కోర్టులో మీరు దోషి అని ప్రభుత్వం నిరూపించాలి. క్యాసినో లైసెన్స్ దగ్గర ఇది తలకిందులు. నేను యోగ్యుణ్ణి అని దరఖాస్తుదారుడే నిరూపించుకోవాలి. లైసెన్స్ హక్కు కాదు, ప్రభుత్వం ఇచ్చే వెసులుబాటు. బ్యాంకు ఖాతాలు, పన్ను రిటర్నులు, పాత భాగస్వాములు, అప్పులిచ్చినవాళ్ళు, అన్నీ చూస్తారు. వాళ్ళు ముఖ్యంగా అడిగేది ఒకటే: ఈ డబ్బు నీకెక్కడిది? ఇంత తవ్వకానికీ అయ్యే ఖర్చు దరఖాస్తుదారుడిదే. మన మీద విచారణకు మనమే బిల్లు కట్టడం!

ఇచ్చిన లైసెన్స్ ఊరికే గోడకు వేలాడదీసుకోవడానికి కాదని 1963లో అమెరికా గాయకుడు ఫ్రాంక్ సినాట్రాకు తెలిసొచ్చింది. క్యాసినోల్లో అడుగు పెట్టకూడనివాళ్ళ పేర్లతో నెవాడా 1960లో ఒక జాబితా తయారుచేసింది. నల్ల పుస్తకం అంటారు. అందులో పేరున్న శామ్ జియాంకానా అనే ముఠా నాయకుడు సినాట్రాకు వాటా ఉన్న కాల్-నీవా లాడ్జి క్యాసినోలో కనిపించాడు. బోర్డు ఫిర్యాదు నమోదు చేసింది. అంత పెద్ద గాయకుడూ లైసెన్స్ వదులుకున్నాడు. మళ్ళీ దక్కింది 1981లో. నా లెక్కలో లైసెన్స్ బలమంతా అక్కడే ఉంది. వెనక్కి తీసుకోగలిగితేనే అది లైసెన్స్, లేకపోతే ఫీజు రసీదు.

ఇక క్యాసినో లోపలికి వెళ్దాం. టేబుల్ దగ్గర ఆట నడిపే డీలర్ డ్యూటీ దిగేటప్పుడు గమనించండి. రెండు చేతులూ ఒకసారి చప్పున తట్టి, అరచేతులు పైకి తిప్పి చూపిస్తారు. అది సెలవు తీసుకోవడం కాదు. చేతిలో చిప్, అంటే డబ్బుకు బదులు వాడే బిళ్ళ, ఏదీ దాచలేదని పైనున్న కెమెరాకు చూపించడం. టేబుల్ కింద తాళం వేసిన పెట్టె ఉంటుంది, నోట్లు అందులో పడతాయి. పెట్టెను టేబుల్ నుంచి విడదీసే తాళంచెవి ఒకరి దగ్గర, పెట్టె మూత తెరిచే తాళంచెవి ఇంకో విభాగం వాళ్ళ దగ్గర. లెక్కింపు గదిలో పనిచేసేవాళ్ళకు చాలాచోట్ల జేబుల్లేని బట్టలు ఇస్తారు. డబ్బు పోసే బల్ల కూడా పారదర్శకంగా ఉంటుంది, కింద ఏం జరుగుతున్నా కనబడేలా.

ఇంత అనుమానం ఎందుకంటే, దొంగతనం ఎక్కువగా లెక్కకు ముందే జరుగుతుంది కాబట్టి. లెక్కలోకి రాని డబ్బుకు పన్నుండదు, అసలు యజమాని ఎవరన్న ప్రశ్నా ఉండదు. 1970ల్లో లాస్ వేగాస్ స్టార్‌డస్ట్ క్యాసినోలో, నాణెం వేసి ఆడే స్లాట్ మెషిన్ల నాణేలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేవారు కాదు, తూకం వేసేవారు. కాటాను తక్కువ చూపేలా మార్చేశారు. కాగితం మీద అంతా సక్రమమే. తేడా మొత్తం ముఠాలకు చేరేది. తూకంలో మోసం మనకు కొత్తేమీ కాదు. కాకపోతే ఇక్కడ మోసపోయింది కొనేవాడు కాదు, ప్రభుత్వం.

ఆటలో కూడా మోసం చేస్తారు కదా అంటారు. చేయాల్సిన అవసరం లేదండీ. రూలెట్ చక్రం చూడండి, తిరిగే చక్రంలో బంతి ఏ అంకె గడిలో ఆగితే ఆ అంకె గెలుస్తుంది. 1 నుంచి 36 వరకు అంకెలు, ఒక సున్నా, మొత్తం 37 గడులు. మీ అంకె తగిలితే 35 రెట్లు ఇస్తారు. న్యాయంగా అయితే 36 రెట్లు ఇవ్వాలి. ఆ ఒక్క రెట్టు తేడాతో ప్రతి వంద పందెంలో సగటున 2.7 క్యాసినోకు మిగులుతుంది. రెండో సున్నా ఉన్న అమెరికన్ చక్రంలో అది 5.26. కాబట్టి నియంత్రణ సంస్థ పని ఆటగాణ్ణి గెలిపించడం కాదు. చెప్పిన లెక్క ప్రకారమే ఓడుతున్నాడా అని చూడటం. నవ్వుతున్నారు గానీ నిజం అదే. స్లాట్ మెషిన్ దీర్ఘకాలంలో కనీసం ఎంత తిరిగివ్వాలో చట్టమే చెబుతుంది. నెవాడాలో వందకు 75, న్యూజెర్సీలో 83. సాధారణంగా మెషిన్లు అంతకంటే ఎక్కువే ఇస్తాయి. లేకపోతే ఎవరూ కూర్చోరు.

మెషిన్ లోపలి ప్రోగ్రామ్ చిప్పును ల్యాబుల్లో పరీక్షిస్తారు, తనిఖీ అధికారులు వచ్చి అసలు చిప్పే ఉందా అని చూస్తారు. మరి తనిఖీ చేసేవాణ్ణి ఎవరు తనిఖీ చేస్తారు? రొనాల్డ్ హారిస్ కథ ఇదే. నెవాడా కంట్రోల్ బోర్డులోనే కంప్యూటర్ నిపుణుడు. చిప్పులు పరీక్షించే పరికరంలోనే తన కోడ్ దూర్చాడు. అధికారులు వెళ్ళి నిజాయితీగా తనిఖీ చేసిన మెషిన్ ఆ తనిఖీతోనే పాడయ్యేది. తర్వాత ఫలానా వరసలో నాణేలు వేస్తే డబ్బు కురిసేది. పట్టుబడింది స్లాట్ల దగ్గర కూడా కాదు. 1995 జనవరిలో అట్లాంటిక్ సిటీలో అతని స్నేహితుడు కీనో అనే లాటరీలాంటి అంకెల ఆటలో లక్ష డాలర్లు గెలిచాడు. అంత మొత్తం వచ్చినవాడు ఎగిరి గంతేయాలి కదా! ఇతను తాపీగా నగదు ఇవ్వండి అన్నాడు, గుర్తింపు కార్డు చూపలేకపోయాడు. సిబ్బందికి అనుమానం వచ్చింది, తీగ లాగితే డొంక కదిలింది. ఇప్పుడు హారిస్ పేరు నెవాడా నల్ల పుస్తకంలో ఉంది.

ఇక పన్ను. నెవాడాలో క్యాసినో గెలుపు మీద గరిష్ఠంగా 6.75 శాతం. చైనా కింద ఉన్న మకావులో ప్రత్యేక పన్ను 35 శాతం, మిగతా చెల్లింపులు కలిపితే 40 దాకా పోతుంది. మకావులో 1962 నుంచి నలభై ఏళ్ళు ఒకే కంపెనీ గుత్తాధిపత్యం. ఇప్పుడు ఆరు కంపెనీలు, 2023 జనవరి 1 నుంచి పదేళ్ళ ఒప్పందాలు. అక్కడ సర్కారు బండి నడిచేదే ఆ డబ్బుతో. ద్యూతాధ్యక్షుడికి మొదటినుంచీ రెండు చేతులు. ఒకటి వసూలు చేసేది, ఒకటి అదుపు చేసేది. మొదటి చేయి బరువెక్కే కొద్దీ రెండోది లేవదు.

ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ క్రౌన్ క్యాసినో దీనికి సరైన ఉదాహరణ. అక్కడ క్యాసినోలో జూదానికి కార్డు మీద డబ్బు ఇవ్వకూడదు. వీళ్ళు విదేశీ ఆటగాళ్ళ చైనా యూనియన్‌పే కార్డులు గీకి, హోటల్ సేవల ఖర్చని బిల్లు రాసి, ఆ డబ్బు ఆటకు ఇచ్చారు. దీనొక్కదానికే తర్వాత 8 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా పడింది. 2021లో రాయల్ కమిషన్ విచారించి, ఈ కంపెనీ లైసెన్స్ కలిగి ఉండటానికి యోగ్యం కాదని తేల్చింది. యోగ్యం కాకపోతే మూసేయాలి కదా? మూయలేదు. వేల ఉద్యోగాలు, రాష్ట్ర ఆర్థిక వ్యవస్థ దెబ్బతింటాయని, ప్రత్యేక మేనేజర్ పర్యవేక్షణలో రెండేళ్ళు గడువిచ్చారు. 2024 మార్చిలో మళ్ళీ యోగ్యత వచ్చిందన్నారు. ఆ మేనేజర్‌కు ఏ గదిలోకైనా వెళ్ళే, ఏ లెక్కైనా అడిగే అధికారం ఉండేది, అది తక్కువేం కాదు. అయినా నాకు ఇది మింగుడు పడదు. మూసేయలేనంత పెద్దదైతే, ఆ లైసెన్స్ వెనక్కి తీసుకునే అధికారం ఎవరి దగ్గరున్నట్టు?

కొన్ని దేశాలు సమస్యను గుమ్మం దగ్గరే ఆపాలని చూశాయి. మొనాకో తన పౌరుల్ని ఆడనివ్వదు. సింగపూర్‌లో రెండే క్యాసినోలు. స్థానికులు లోపలికి వెళ్ళాలంటే 24 గంటలకు 150 సింగపూర్ డాలర్లు కట్టాలి, పర్యాటకులకు ఉచితం. అక్కడ నాకు నచ్చినది ఇంకొకటి. ఆడేవాడు తనంతట తాను నన్ను రానివ్వకండి అని రాసివ్వచ్చు, అంతేకాదు, కుటుంబసభ్యులు కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇంట్లో నగలు మాయమవుతున్న సంగతి మొదట తెలిసేది వాళ్ళకే కదా.

అయితే ఇదంతా గుమ్మం ఉన్నంతవరకే. ఆట ఫోన్‌లోకి వచ్చాక ఒకే చోట అన్న ద్యూతాధ్యక్షుడి మొదటి నియమమే కూలిపోయింది. కంపెనీ ఒక ద్వీపంలో, సర్వర్ ఇంకోచోట, ఆడేవాడు పడకగదిలో. బ్రిటన్ 2014లో దీనికి తెలివైన మలుపు ఇచ్చింది. మీ ఆఫీసు ఎక్కడున్నా మాకనవసరం, మా దేశంలో కూర్చున్నవాడు ఆడుతున్నాడంటే మా లైసెన్స్ కావాలి అంది. తర్వాత 2020లో క్రెడిట్ కార్డుతో పందెం కాయడం ఆపింది. అదే ఏడాది, నన్ను ఆడనివ్వకండి అని ఒక్కసారి పేరు నమోదు చేసుకుంటే లైసెన్స్ ఉన్న ఆన్‌లైన్ సైట్లన్నీ ఆ మనిషికి మూసుకుపోయే పద్ధతి తప్పనిసరి చేసింది. లైసెన్స్ లేని సైట్లు మాత్రం మూసుకోవు.

వాటిలో చాలా సైట్ల అడుగున ఏదో ఒక దేశం లైసెన్స్ ముద్ర మెరుస్తూ ఉంటుంది. కరీబియన్ సముద్రంలోని క్యురసావ్ ద్వీపంలో ఏళ్ళ తరబడి నాలుగు మాస్టర్ లైసెన్సులే ఉండేవి. వాటి కింద ఉపలైసెన్సులు లెక్కలేనన్ని. 2024 డిసెంబరులో కొత్త చట్టం వచ్చాక ఆ పద్ధతి పోయింది. కాబట్టి ముద్ర చూసి నమ్మకండి, అది బొమ్మ మాత్రమే. నంబరు రాసుకుని, ఆ నియంత్రణ సంస్థ సొంత వెబ్‌సైట్‌కు వెళ్ళి రిజిస్టర్‌లో వెతకండి. ఉదాహరణకు బ్రిటన్ రిజిస్టర్‌లో కంపెనీ పేరు, దానికి అనుమతి ఉన్న వెబ్ చిరునామాలు, పడ్డ జరిమానాలు అన్నీ కనిపిస్తాయి. మీరు చూస్తున్న సైట్ చిరునామా అక్కడ అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. ఒక్క అక్షరం తేడా ఉన్నా అది వేరే సైటే.

నా సమయం అయిపోయిందని అధ్యక్షులవారు చూస్తున్నారు. ప్రశ్నలు అడగండి. ఎలా గెలవాలి అని మాత్రం అడక్కండి, ఆ ముప్ఫై ఏడో గడి గురించి చెప్పేశాను.