కంప్లీట్ గేమ్‌ల లెక్క: లీగ్‌లో ముందున్న పిచర్ ఎవరో తేల్చడం ఎలా?

నమస్కారం. బేస్‌బాల్ పట్టికల్లో సీజీ అనే కాలమ్ చూసే ఉంటారు. అదే కంప్లీట్ గేమ్. మ్యాచ్ మొదలుపెట్టిన పిచరే (బంతి వేసే ఆటగాడు) చివరిదాకా వేస్తే అతని ఖాతాలో ఒకటి పడుతుంది. క్రికెట్ బౌలర్‌లా కాసేపు ఆగి మళ్లీ రావడం ఇక్కడ కుదరదు. మ్యాచ్ నుంచి తప్పించారంటే ఆ రోజుకి అతని పని అయిపోయినట్టే.

ముందు బాక్స్ స్కోర్, అంటే ఆ మ్యాచ్ గణాంకాల పట్టిక తెరిచి, కింద పిచర్ల జాబితాకి రండి. ఒక జట్టుకి ఒక్క పేరే ఉందా? అయితే అది కంప్లీట్ గేమ్. పక్కనున్న ఐపీ (వేసిన ఇన్నింగ్స్‌లు) కాలమ్‌లో 9.0 కోసం, అంటే మామూలు మ్యాచ్‌లోని తొమ్మిది ఇన్నింగ్స్ కోసం వెతక్కండి. చాలామంది తప్పులో కాలేసేది అక్కడే.

1990 జులై 1న చికాగోలో సందర్శక జట్టు పిచర్ ఆండీ హాకిన్స్ ఒక్క హిట్ (బ్యాటర్ బంతిని కొట్టి బేస్ చేరడం) కూడా ఇవ్వకుండానే 4-0తో ఓడాడు. ఆతిథ్య జట్టు ముందంజలో ఉంటే తొమ్మిదో ఇన్నింగ్స్‌లో బ్యాటింగ్‌కి రాదు కాబట్టి అతను వేసింది ఎనిమిదే. అయినా సీజీ పడింది. దీనికి పూర్తిగా తలకిందులు పెడ్రో మార్టినెజ్ సంగతి. 1995 జూన్ 3న శాండియాగోలో తొమ్మిది ఇన్నింగ్స్ వేసి, ఒక్కరినీ బేస్ మీదికి రానివ్వలేదు. పదో ఇన్నింగ్స్‌లో మొదటి బ్యాటర్ డబుల్ (రెండో బేస్ దాకా చేర్చే హిట్) కొట్టగానే అతన్ని మార్చేశారు. జాబితాలో రెండో పేరు చేరింది, సీజీ పోయింది.

ఇప్పుడు లీగ్ లెక్క. అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో రెండు లీగ్‌లున్నాయి: అమెరికన్ లీగ్, నేషనల్ లీగ్. వాటి పట్టికలు వేరువేరు. సీజన్ మధ్యలో లీగ్ మారిన పిచర్ దగ్గర జాగ్రత్తగా ఉండాలి. 2008లో సీసీ సబాథియా అమెరికన్ లీగ్‌లోని క్లీవ్‌లాండ్‌కి 3, జులైలో నేషనల్ లీగ్‌లోని మిల్వాకీకి మారాక 7, మొత్తం 10 కంప్లీట్ గేమ్‌లు వేశాడు. అమెరికన్ లీగ్‌లో 9తో రాయ్ హాలడే ముందున్నాడు, సబాథియా పది అక్కడ చెల్లదు. కానీ నేషనల్ లీగ్‌లో ఆ ఏడుతోనే అతను మొదటి స్థానం. అదీ సగం సీజన్లో, 17 స్టార్ట్‌లలో (తను మొదలుపెట్టిన మ్యాచ్‌లలో)!

అందుకే సీజీ పక్కనే జీఎస్, అంటే స్టార్ట్‌ల కాలమ్ కూడా చూడండి. 1904లో జాక్ చెస్‌బ్రో 51 స్టార్ట్‌లలో 48 పూర్తి చేశాడు. 2022లో శాండీ అల్కాంటరా 32 స్టార్ట్‌లలో 6. ఆ ఆరే ఆ ఏడాది మిగతా ఏ జట్టు మొత్తం కన్నా ఎక్కువ.

ఇంత పడిపోవడానికి ప్రధాన కారణం బంతుల లెక్క. ఇప్పటి కోచ్‌లు 100 బంతులు దాటగానే కంగారు పడతారు. ఇన్నింగ్స్‌కి 15 బంతులైతే తొమ్మిదికి 135. అదే 11లో ముగిస్తే 99. అంటే స్ట్రైకౌట్ల (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ని అవుట్ చేయడం) కోసం పాకులాడే పిచర్ కన్నా, మొదటి రెండు మూడు బంతుల్లోనే గ్రౌండ్‌బాల్ (నేల మీద దొర్లే బంతి) కొట్టించేవాడికే అవకాశం ఎక్కువ. పైగా ఒకే బ్యాటర్ మూడోసారి ఎదురైతే అతనికి బంతి అలవాటైపోయి ఉంటుంది.

ఒక చిన్న హెచ్చరిక. 2020, 2021లో డబుల్‌హెడర్ (ఒకే రోజు రెండు మ్యాచ్‌లు ఆడడం) మ్యాచ్‌లు ఏడు ఇన్నింగ్స్‌లే. వాటిలో పూర్తిగా వేసినా సీజీ ఇచ్చారు. ఆ రెండేళ్ల లీడర్ల పక్కన ఐపీ కూడా రాసి పెట్టుకోండి.