బోరిస్ జమీందారు ఆర్థర్ కవనా

శ్రోతలకు నమస్కారం.

ఐర్లండ్‌లోని కార్లో ప్రాంతంలో బోరిస్ అనే ఊరుంది. అక్కడి జమీందార్లు పూర్వం ఐర్లండ్ తూర్పు భాగమైన లెన్‌స్టర్‌ను ఏలిన రాజుల వంశీకులు. ఆ ఇంట 1831 మార్చి 25న పుట్టిన ఆర్థర్ మెక్‌మరో కవనాకు కాళ్లూ చేతులూ లేవు. భుజాల దగ్గర, తొడల దగ్గర పొట్టి మొండి భాగాలు మాత్రమే ఉన్నాయి.

తల్లి లేడీ హ్యారియట్ ఆ బిడ్డను మూల కూర్చోబెట్టలేదు. కుర్చీలాంటి జీను చేయించారు. అందులో పట్టీలతో బిగించి కూర్చోబెడితే, కళ్లేన్ని మొండి చేతులకు చుట్టుకొని ఆయన గుర్రాన్ని పరిగెత్తించేవారు, కంచెలు దూకించేవారు. రెండు మొండి చేతుల మధ్య కలం ఇరికించుకొని ఉత్తరాలు రాసేవారు, బొమ్మలు గీసేవారు. ఇంత సాధనకు ఎంత మొండి పట్టుదల కావాలో ఊహించండి!

1849లో అన్న థామస్‌తో కలిసి బయలుదేరి రష్యా, పర్షియాల మీదుగా మన దేశానికి వచ్చారు. చేతిలో డబ్బు అయిపోవడంతో, అప్పట్లో నిజాం రాజ్యంలో ఉన్న ఔరంగాబాద్ ప్రాంతంలో ఈస్టిండియా కంపెనీ ఉత్తరాలను గుర్రంపై చేరవేసే కొలువులో చేరారు. అన్నలిద్దరూ మరణించడంతో 1853లో జమీందారీ ఆయన చేతికొచ్చింది.

తన కౌలు రైతులకు రాతిపలకల కప్పులున్న ఇళ్లు కట్టించారు. వాటి నమూనాలు తానే గీశారు. బోరిస్ భవనం ముంగిట పాత ఓక్ చెట్టు కింద కూర్చొని వాళ్ల తగవులు తీర్చేవారు. 1866లో వెక్స్‌ఫర్డ్ నుంచి, 1868లో కార్లో నుంచి బ్రిటిష్ పార్లమెంటుకు గెలిచారు. సేవకుడు ఆయనను సభలోకి మోసుకొచ్చి కూర్చోబెట్టేవాడు.

1880 ఎన్నికల్లో మాత్రం ఓడిపోయారు. సొంత రైతుల్లోనే చాలామంది తనకు ఓటు వేయలేదని తెలిసి కుమిలిపోయారు. ఆయన బాధ నాకు అర్థమవుతుంది. కానీ తప్పు రైతులదని అనలేను. కవనా మంచి భూస్వామే. రైతులు అడిగింది మాత్రం భూమిపై హక్కు, ఐర్లండ్‌కు స్వపరిపాలన. స్వపరిపాలనను ఆయన చివరిదాకా వ్యతిరేకించారు. 1872లో రహస్య బ్యాలెట్ వచ్చాక, జమీందారు కంటపడకుండా మనసులోని మాట చెప్పే వీలు ఆ రైతులకు దక్కింది. ఆయన వైకల్యాన్ని చూసి జాలితో ఓటేయలేదు, రాజకీయాన్ని చూసి కాదన్నారు. ఇతర నాయకులందరితో సమానంగా ఆయనను తూచారు.

1889 క్రిస్మస్ రోజున కవనా లండన్‌లో కన్నుమూశారు. ఆయన కుమారుడు వాల్టర్ 1908లో అదే కార్లో నుంచి పార్లమెంటుకు వెళ్లారు, స్వపరిపాలన కోరే జాతీయవాదుల పక్షాన.